కర్నూలు పెద్దాసుపత్రిలో ప్రిన్సిపాల్ పెద్దా, సూపరింటెండెంట్ పెద్దా?

ఇద్దరూ సీనియర్ వైద్యులే, పనులు వేరు. 1956లో మొదలైన కర్నూలు వైద్య కళాశాలలో చదువులు, పరీక్షలు ప్రిన్సిపాల్ చూస్తారు. దానికి అనుబంధమైన పెద్దాసుపత్రిలో, అంటే సర్వజన వైద్యశాలలో పడకలు, మందులు, సిబ్బంది డ్యూటీలు సూపరింటెండెంట్ బాధ్యత. ఇద్దరికీ పైన వైద్య విద్యా సంచాలకులు ఉంటారు.

చిక్కు ఎక్కడంటే, పాఠం చెప్పే ప్రొఫెసరే వైద్యమూ చేస్తారు. అందుకే ఆయన ఇద్దరికీ జవాబుదారీ.

రోగికి మాత్రం వార్డులోని యూనిట్ చీఫే, అంటే అక్కడి వైద్య బృందాన్ని నడిపే ప్రొఫెసరే పెద్ద. ఉదయం రౌండ్సులో ‘రాత్రి మూత్రం ఎంత వచ్చింది?’ అని అడుగుతారు. శిక్షణలో ఉన్న కుర్ర డాక్టరు, అంటే హౌస్ సర్జన్ తడబడితే, గద్దించకుండా తానే వంగి మంచానికి వేలాడే సంచిలో కొలత చూపించే ప్రొఫెసర్లంటే నాకు ఎంతో గౌరవం. ఆ కుర్రవాడు మరునాడు అడగకముందే చెబుతాడు.

చికిత్సపై సందేహం ఉంటే ముందు యూనిట్ చీఫ్‌ను, సౌకర్యాల గురించైతే సూపరింటెండెంట్ కార్యాలయాన్ని కలవండి.