కరెంటు బిల్లు మీ ఆయనకివ్వండి

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇరవై ఏళ్లుగా సండే స్కూల్ చెబుతున్నారు, ఏటా బైబిల్ మొత్తం చదివి ముగిస్తున్నారు, తెల్లవారుజామున నాలుగింటికే లేచి ప్రార్థన చేస్తున్నారు. అయినా బెంగళూరులో ఉన్న అమ్మాయి రాత్రి ఫోన్ ఎత్తకపోతే మీకు కాళ్లూ చేతులూ ఆడవు, తన రూమ్మేట్లందరికీ ఫోన్లు చేస్తారు, నెలాఖరు వస్తే నిద్ర పట్టదు. "వాక్యం మీద విశ్వాసం ఉంది కానీ రోజువారీ బతుకులో దేవుడి మీద భారం వేయలేకపోతున్నాను, ఏ అధ్యాయాలు చదవాలి, 21 రోజులు ఉపవాస ప్రార్థన చేస్తే సరిపోతుందా" అని అడిగారు.

కొత్తగా చదవాల్సింది ఏమీ లేదు. ఉపవాసం అసలే వద్దు, షుగర్ ఉందని మీరే రాశారు.

ఉత్తరం చివర్లో ఒక మాట రాసి దాటేశారు. పదేళ్ల కిందట మీ ఆయన మీకు చెప్పకుండా తమ్ముడి అప్పుకు హామీ సంతకం పెట్టారని, మీ గాజులు అమ్మి తీర్చారని, అప్పటినుంచి ఆయన ఏటీఎం కార్డు మీ దగ్గరే ఉంటుందని, ఆయనతో ఏదీ చెప్పుకోరని. నాకు అసలు ఉత్తరం అదే అనిపించింది. పగలంతా "నేను చూసుకోకపోతే ఈ ఇల్లు మునుగుతుంది" అని మనసుకు నేర్పిస్తూ, మోకరించగానే అదే మనసును దేవుణ్ణి నమ్మమంటే ఎలా నమ్ముతుందమ్మా?

పిల్లలకు నిర్గమకాండం 16వ అధ్యాయం చెప్పే ఉంటారు. ఎడారిలో ఇశ్రాయేలీయులకు దేవుడు కురిపించిన ఆహారం మన్నా. దాన్ని మనిషికో ఓమెరు (అప్పటి కొలత) చొప్పున ఏ రోజుకారోజు పొద్దున్నే ఏరుకోవాలి, ఎండెక్కితే కరిగిపోతుంది, మాట వినకుండా రేపటికని దాచుకున్నవాళ్లది పురుగు పట్టి కంపు కొట్టింది. అయితే ఆరో రోజున రెండింతలు ఏరుకోమన్నదీ ఆ దేవుడే, అది చెడలేదు కూడా. కాబట్టి అమ్మాయి పెళ్లికని చీటీ కట్టడం అవిశ్వాసమేమోనన్న టెన్షన్ వదిలేయండి. నలభై ఏళ్లు వాళ్లకు అలా రోజు లెక్కన పెట్టాడు. మీరేమో జన్మకు సరిపడా ధైర్యం 21 రోజుల్లో అడుగుతున్నారు.

మా నాన్నగారు పాస్టరు. జీతం రాని నెలల్లో అమ్మ ప్రార్థన ముగించి, లేచి, కిరాణా కొట్టుకు వెళ్లి ఇంకో వారం గడువు అడిగొచ్చేది. అవి రెండు వేర్వేరు పనులని ఆవిడ ఎప్పుడూ అనుకోలేదు. నాన్నకు తెలియకుండా ఒక్కసారి కూడా వెళ్లలేదు, నేను మీకు చెప్పాలనుకున్నది అదే.

మీ ఆయన చేసింది తప్పే, అందులో మరో మాట లేదు. క్షమించడమంటే కార్డు తిరిగి ఆయన చేతిలో పెట్టడమని మందిరంలో ఎవరైనా అంటే వినకండి. మీకు చెప్పకుండా ఇక ఎక్కడా సంతకం పెట్టనని ఆయన నోటితో అనాలి, లెక్కలన్నీ ఇద్దరూ కలిసి చూడాలి. ఆ మాట అడిగే హక్కు మీకుంది, కానీ మీరు అడగలేదు, శిక్ష మాత్రం వేశారు. పదేళ్లుగా పెట్రోలుకు కూడా మిమ్మల్ని అడిగి తీసుకుంటున్న మనిషికి, పక్క గదిలోంచి మీరు "తండ్రీ, నిన్నే నమ్ముకున్నాను" అనడం ఎలా వినిపిస్తుందో ఆలోచించారా? కళ్లెదుటి సహోదరుణ్ణి ప్రేమించనివాడు కనిపించని దేవుణ్ణి ప్రేమించలేడని యోహాను రాశాడు. నమ్మకం సంగతి కూడా అంతేనని నేను గట్టిగా నమ్ముతాను.

ఈ రాత్రి అమ్మాయి ఫోన్ ఎత్తకపోతే రూమ్మేట్లకు చేసే ముందు ఆయన దగ్గరికి వెళ్లి "నాకు భయంగా ఉందండీ" అనండి. పదేళ్లలో మీరు ఆయనతో ఆ మాట అన్నట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. ఆయనకీ అది తన కూతురే.

వచ్చే నెల కరెంటు బిల్లు డబ్బు ఆయనకివ్వండి. కట్టారా అని అడగొద్దు, మీ ఫోన్‌లో చూసుకోవద్దు. ఆ వారం ఎలా గడిచిందో నాకు రాయండి.