ముత్తాతగారి పిస్టల్ గురించి చిన్నోడికి

చిరంజీవి చిన్నోడికి పెదనాన్న ఆశీస్సులు.

భోషాణం అడుగున ముత్తాతగారి పిస్టల్ దొరికిందనీ, భోగి నాడు పేలుస్తానంటున్నావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. పాత ఇనుముకి వేసెయ్యకుండా దాచావు, అందుకు సంతోషం. పేల్చే మాట మాత్రం మానెయ్.

ముందు అది ఖాళీయో కాదో చూడాలి. నీ ఫొటోలోది మూతి నుంచి మందు కూరే రకం. కూరినవి కూరినట్టే దాచేసేవారు చాలామంది. పొడిగా ఉంటే ఆ మందు నూరేళ్లకీ చావదు. సుత్తి కింద క్యాప్, అంటే దెబ్బకి నిప్పు పుట్టించే చిన్న లోహపు టోపీ, ఉంటే ముట్టుకోకు. లేకపోతే మూతికి ఎదురుగా చెయ్యి గానీ మొహం గానీ రాకుండా, సన్నటి చెక్కపుల్ల తగిలేదాకా మెల్లగా దింపి, మూతి దగ్గర గీత పెట్టు. పుల్ల తీసి, గీత మూతికి సరిగ్గా ఉండేలా గొట్టం పక్కన ఆనించు. కొస నిపుల్ దగ్గరికి, అంటే ఆ క్యాప్ తొడిగే చిన్న మొన దగ్గరికి, రావాలి. అంగుళం ముందే ఆగిందంటే లోపల ఏదో ఉన్నట్టే. పొడవకు, డ్రిల్ పెట్టకు, పోలీస్ స్టేషన్‌కి కబురు చెయ్.

ఖాళీయే అయినా వద్దు. అందరూ చేసే తప్పు ఒకటుంది. పాత మందు దొరక్క, ఇప్పటి తూటాల్లోని పొగరాని మందు తీసి అదే కొలతకి పోస్తారు. దాని ఒత్తిడికి ఆ గొట్టం ఆగదు. మందు గది దగ్గర చీలి, ముక్కలు చేతిలోకీ కంట్లోకీ వస్తాయి. అసలు మందే పోసినా నమ్మకం లేదురా. లోపలి తుప్పు గుంటలు బయటికి కనపడవు. మర అరిగిన నిపుల్ ఎగిరి మొహాన కొడుతుంది. సగం ఎత్తిన సుత్తి నిలవకుండా జారిపోతుంది. ఖాళీగా ట్రిగ్గర్ నొక్కినా నిపుల్ చితుకుతుంది. బొమ్మలు గీసే చెయ్యిరా నీది, దానికేమైనా అయితే?

1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్ పాతకాలపు ఆయుధాల్ని వదిలేస్తుంది గానీ, బాగుచేసినా పేలనివైతేనే. నీది పేలుతుందని నువ్వే అంటున్నావు, కాబట్టి లైసెన్సు కావాల్సిందే. ముందు స్టేషన్‌కి ఫోన్ చేసి అప్పగించు. గుర్తులు, కొలతలు రాయించిన రసీదు తీసుకో. ఆపైన అమలాపురం కలెక్టరేట్‌లో దరఖాస్తు పెట్టు.

చేతికొచ్చాక చింతపండూ ఉప్పుకాగితం దాని దరిదాపులకి రానివ్వకు. గోధుమరంగు పొర గీకితే చేసినవాడి పేరూ పోతుంది, విలువా పోతుంది. ఎర్రగా రాలే తుప్పుని మాత్రం నూనెలో తడిపిన నాలుగు సున్నాల స్టీల్ ఊల్‌తో తియ్యి. నూలు గ్లవ్స్ వేసుకో. గన్ ఆయిల్ పలచగా రాయి, చెక్కకి అంటనివ్వకు. తోలు ఒర వేరే పెట్టు, కోనసీమ గాలికి అది తేమ పీల్చి ఇనుముని తినేస్తుంది. గట్టి మూత డబ్బాలో సిలికా జెల్ వేసి, నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగితే మార్చు.

పేల్చాలన్న దురద తీరకపోతే రైఫిల్ క్లబ్‌లో చేరు, ఫీజు నేను కడతా. స్టేషన్‌కి వెళ్లేరోజు చెప్పు, నేనూ వస్తాను.

మీ పెదనాన్న