తనిఖీకి భయపడుతున్నావని రాశావు

అమ్మాయీ,

మందుల షాపు తనిఖీకి ఎప్పుడొస్తారో తెలియక నిద్ర పట్టడం లేదని రాశావు. షాపు బాధ్యత కొత్తగా నెత్తిన పడినప్పుడు నాకూ అంతే. ముప్పై ఏళ్లు కౌంటర్ వెనక నిలబడ్డాక తెలిసింది చెబుతాను, విను.

ముందు ఫ్రిజ్ సంగతి. ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలని నీకు తెలుసు. వేడికి పాడవుతుందని అందరూ జాగ్రత్త పడతారు, గడ్డకడితే పాడవుతుందన్నది మర్చిపోతారు. ఒకసారి గడ్డకట్టింది కరిగాక మామూలుగా కనిపించినా వాడకూడదు.

నా కొత్తలో మా ఉష్ణోగ్రత రిజిస్టర్‌లో ప్రతి గడిలోనూ 5 అనే ఉండేది. తనిఖీకి వచ్చినావిడ ఆ పేజీ చూసి కోప్పడలేదు. షాపు మూసి ఉన్న రోజు గడి మీద వేలు పెట్టి, "ఈ రోజు ఎవరు చూశారమ్మా?" అంది. తర్వాత ఫ్రిజ్ తెరిచి, వెనక గోడకు ఆనుకున్న ఇన్సులిన్ పెట్టెను లాగింది. అట్ట మంచుకు అతుక్కుపోయి చిరిగి వచ్చింది. ఆ అయిదులన్నీ వేసింది నేనే. అంతకుముందు అలాంటి పెట్టెలు ఎన్ని ఎవరెవరి ఇళ్లకు వెళ్లాయో తేల్చలేకపోయాను. ఇప్పటికీ గుర్తొస్తే మనసు కలుక్కుమంటుంది.

అందుకే చెబుతున్నా. కనిష్ఠం, గరిష్ఠం రెండూ చూపే థర్మామీటరు పెట్టు. పొద్దున, సాయంత్రం చూసి రాసి, వెంటనే రీసెట్ చెయ్యి. చూడని పూట గడి ఖాళీగానే వదిలెయ్యి. అంకె హద్దు దాటితే ఏం చేశావో పక్కనే రాయి.

ర్యాకుల్లో ముందు ఎక్స్‌పైరీ అయ్యేది ముందు వరసలో ఉండాలి. గడువు దాటినవి అమ్మే సరుకుతో కలవకుండా వేరే పెట్టెలో, పైన 'అమ్మరాదు' అని రాసి పెట్టు. మత్తుమందుల రిజిస్టర్‌లో నిల్వ రాసేముందు మాత్రలు చేత్తో లెక్కపెట్టు. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి సంతకం, తేదీ వెయ్యి. వైట్‌నర్ జోలికి పోకు.

ఇక కౌంటర్ దగ్గర. మెథోట్రెక్సేట్ కీళ్లవాతానికి రాస్తే వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఏ రోజు వేసుకోవాలో ఆ రోజు పేరు ప్యాకెట్ మీద రాసి, తిరిగి మందు తీసుకునేవాళ్లచేతే చెప్పించు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ ఫార్మసీ సమాఖ్య కలిసి 2011లో ఇచ్చిన మార్గదర్శకాలు చదువు. మందును రోగి సరిగ్గా వాడుకునేలా తోడ్పడటమే మన పని అంటాయవి. వెనక ఎంత రద్దీ ఉన్నా ఆ రెండు నిమిషాలు తగ్గించకు.

తనిఖీ వాళ్లు వచ్చిన రోజు అడిగింది చూపించు, తెలియనిది తెలియదని చెప్పు. లోపాలు చెబితే రాసి ఇమ్మని అడుగు, ఏది ఎప్పుడు సరిచేశావో తేదీలతో దాచుకో.

ఈ ఉత్తరం పక్కన పెట్టి ఒక్కసారి ఫ్రిజ్ తెరువు. వెనక గోడకు ఆనిన పెట్టెలుంటే, జరిపే ముందు గడ్డకట్టాయేమో చూడు.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ