పెరటి తోట – ప్రశ్నలు, జవాబులు: వానాకాలంలో కలుపు

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. ఐదు సెంట్ల పెరటిలో వంగ, బెండ, ఆనప, నాలుగు అరటి చెట్లు ఉన్నాయి. తొలకరి పడింది మొదలు తుంగ, గరిక, వెన్నదేవి కమ్మేస్తున్నాయి. వీలైనప్పుడల్లా పీకి అరటి మొదట్లో వేస్తున్నాను, అయినా వారం తిరగకముందే మళ్లీ పచ్చగా లేస్తున్నాయి. ఎరువుల కొట్టులో కలుపు మందు కొట్టమంటున్నారు. పెరటిలో పసిపిల్ల, ఆవు తిరుగుతుంటాయి గనుక అది నాకు ఇష్టం లేదు. వేరే దారి చెప్పగలరా?

జవాబు: తప్పక ఉన్నదమ్మా. అయితే ముందుగా మార్చుకోవలసినది, పీకిన కలుపును అప్పటికప్పుడు అరటి మొదట్లో వేయడం. ఎండాకాలంలో పీకి పారేసిన మొక్క సాయంత్రానికి వాడిపోతుంది గానీ, ముసురు పట్టిన రోజులలో పడిన చోటే వేరు తన్నుకుంటుంది. వెన్నదేవి, గంగవాయిలి కాడ ముక్క నుంచి కూడా బతుకుతాయి కాబట్టి, వాటిని తడి నేల మీద వదలడమంటే కలుపునారు నాటడమే. పీకినదంతా తట్టకెత్తి, వాన తగలని చోట గలగలలాడేదాకా ఎండనిచ్చి అప్పుడు అరటికి వేయండి. లేత గంగవాయిలిని పప్పులో వేసుకుంటే ఆ శ్రమ కూడా ఉండదు.

తుంగ సంగతి వేరు. పైకి కనిపించేది ఆకు మాత్రమే. కింద గడ్డలు సన్నని కాడలతో గొలుసుకట్టుగా అల్లుకుని ఉంటాయి. ఆ గొలుసు తెగనంతకాలం చాలా గడ్డలు నిద్రాణంగానే ఉండి, తెగిన తరువాత ఒక్కొక్కటీ విడిగా మొలక వేస్తాయి. బొరిగెతో తవ్విన కొద్ది రోజులకే తుంగ రెట్టింపైనట్టు కనిపించడానికి కారణమిదే. అది చూసి చాలామంది పని వదిలేస్తారు. నిజానికి వదలకూడని సమయం అదే. మొలకెత్తిన ప్రతిసారీ గడ్డలో దాచుకున్న ఆహారం తరుగుతుంది; మూడు నాలుగు వారాలు ఆకు నిలిచిందంటే అది తిరిగి బలం పుంజుకుని కొత్త గడ్డలు వేస్తుంది. అందువల్ల రెండు వారాల గడువు దాటనివ్వకుండా, వాన వరపిచ్చి నేల పదునుకు వచ్చిన రోజు చూసుకుని, గడ్డతో సహా పెళ్లగించి ఏరివేయండి. బురదలో దిగి లాగితే ఆకు చేతికి వస్తుంది, గడ్డ నేలలోనే ఉంటుంది, పైగా కాలి కింద మడి గట్టిపడుతుంది. ఇది ఒక్క ఏడాదితో తీరే పని కాదని ముందే చెబుతున్నాను.

తుంగకు గిట్టనిది నీడ. నల్ల ప్లాస్టిక్ షీటునైనా సూదిమొనతో పొడుచుకుని వస్తుంది గానీ, దట్టంగా పరచుకున్న తీగ కింద నీరసించిపోతుంది. ఖాళీగా ఉన్న మడిలో చిలగడదుంపో గుమ్మడో అలసందో పాకించండి. వంగ, బెండ వరుసల మధ్య ఐదారు పొరల పాత వార్తాపత్రికలు తడిపి పరచి, వాటిపై మూడు అంగుళాల మందాన నరికిన కొబ్బరాకులు కప్పండి. మీ ప్రాంతంలో వాటికి కొదవ లేదు. కాండం చుట్టూ నాలుగు వేళ్ల ఖాళీ విడవకపోతే వానలకు మొదలు కుళ్లుతుంది. వరిగడ్డి కూడా పనికివస్తుంది గానీ, అందులో మిగిలిన గింజలు మొలుస్తాయి, నత్తలు చేరతాయి. అందుకే నేనైతే కొబ్బరాకులనే ఎంచుకుంటాను. గరిక ఎక్కువగా గట్టు మీది నుంచి పాకి వస్తుంది కనుక, మడి చుట్టూ జానెడు లోతు కాలువ తీసి, దానిని దాటబోయే తీగలను ఎప్పటికప్పుడు కోసేయండి.

ఏప్రిల్, మే నెలలలో తడిపిన మడి మీద పారదర్శకమైన పాలిథీన్ షీటు పరచి, అంచులు మట్టితో మూసి, నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచే పద్ధతి కూడా ఉన్నది. పైపొరలోని కలుపు విత్తనాలు చాలావరకు ఆ వేడికి చస్తాయి, లోతున ఉన్న తుంగగడ్డలు మాత్రం తప్పించుకుంటాయి. కొబ్బరిచెట్ల నీడ పడే చోట షీటు కొనడం దండగ.

ప్రశ్న: వెనిగర్‌లో ఉప్పు కలిపి చల్లితే కలుపు పోతుందంటున్నారు, నిజమేనా? (విశాఖపట్నం)

జవాబు: వంటింటి వెనిగర్ లేత ఆకును మాడుస్తుంది, వేరును చంపదు, చల్లిన వెంటనే వాన పడితే ఆ కాస్త ఫలితమూ ఉండదు. ఉప్పు అసలు వద్దు. వాననీటితో అది పక్క మడిలోకి దిగి మీ కూరమొక్కలనే దెబ్బతీస్తుంది. నాపరాళ్ల సందులలో మొలిచే కలుపు మీద మరుగుతున్న నీళ్లు జాగ్రత్తగా పోస్తే చాలు. మొండివాటికి రెండు మూడుసార్లు పోయవలసి రావచ్చు.

ప్రశ్న: పూత మీద ఉన్న వయ్యారిభామను పీకి కంపోస్టు గుంతలో వేయవచ్చా? (రాజమహేంద్రవరం)

జవాబు: వేయకండి. ఒక్కొక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది, ఇంటి కంపోస్టు గుంతలో సాధారణంగా అవి చచ్చేంత వేడి పుట్టదు. పూతకు రాకముందు పీకినవైతే నిస్సంకోచంగా వేయవచ్చు. దాని పుప్పొడి వల్ల దురద, ఆయాసం వచ్చేవారున్నారు కనుక చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ కట్టుకోండి. ఆకులపై చారల రెక్కల చిన్న పెంకు పురుగులు కనిపిస్తే చంపవద్దు. ఈ మొక్కను తినడానికే వాటిని 1980లలో మెక్సికో నుంచి మన దేశానికి తెప్పించారు, వానాకాలమే వాటికి మేత కాలం.