ముందు విప్పితే కార్డిగన్, తల దూర్చితే పుల్‌ఓవర్

ముప్పై ఏళ్లుగా ఊలు సూదులు చేతిలో ఉన్న మనిషిని కదా అని, పోయిన నెల ‘స్వెటర్ల గురించి ఏమైనా అడగండి’ అన్నాను. డిజైన్లు అడుగుతారనుకున్నాను. వచ్చిన ఉత్తరాల్లో సగం పైగా పేర్ల గురించే!

ప్రశ్న: మేడమ్, ఆన్‌లైన్‌లో ‘జంపర్’ అని ఉంటే స్వెటరే అనుకుని ఆర్డర్ పెట్టాను. చేతుల్లేని గౌను వచ్చింది. తిరిగి పంపేశాను గానీ అనుమానం తీరలేదు. జంపర్, జెర్సీ, పుల్‌ఓవర్, కార్డిగన్... ఇవన్నీ ఒకటేనా?

జవాబు: తప్పు మీది కాదు. బ్రిటన్‌లో జంపర్ అంటే తల మీంచి తొడుక్కునే స్వెటర్. అమెరికాలో జంపర్ అంటే లోపల చొక్కా వేసుకుని పైన తొడుక్కునే చేతుల్లేని గౌను. మీరు ఒక దేశం ఇంగ్లీషులో అడిగారు, వాళ్లు ఇంకో దేశం ఇంగ్లీషులో పంపారు. ట్యాంక్ టాప్‌తోనూ ఇదే తంటా. బ్రిటన్‌లో అది చేతుల్లేని ఊలు స్వెటర్, మనం హాఫ్ స్వెటర్ అంటామే, అది. అమెరికాలో ఎండాకాలం వేసుకునే పల్చటి బనీను. కాబట్టి పేరు చూసి మోసపోకండి, బొమ్మ చూడండి.

స్వెటర్ అన్నది ఇంటిపేరనుకోండి. మిగతావన్నీ ఆ ఇంట్లో పిల్లల పేర్లు. ఆ ఇంటిపేరుకి మూలం చలి కాదు, చెమట. పంతొమ్మిదో శతాబ్దంలో పడవ పందేల వాళ్లు, పరుగు పందేల వాళ్లు ఒళ్లంతా చెమట పట్టాలని వేసుకున్న మందపాటి ఊలు చొక్కాకి ఆ పేరు వచ్చింది. జెర్సీ అనేది ఇంగ్లిష్ ఛానల్‌లో, ఫ్రాన్స్ తీరానికి దగ్గరగా ఉన్న ఒక దీవి. అక్కడి అల్లిక బట్ట ఎంత పేరుపడిందంటే, ఇప్పుడు సాగే బనీను గుడ్డనీ జెర్సీ అంటున్నాం, ఫుట్‌బాల్ ఆటగాడి చొక్కానీ జెర్సీ అంటున్నాం. పుల్‌ఓవర్‌కి వివరణ అక్కర్లేదు, తల మీంచి లాక్కునేది.

కార్డిగన్ ముందు తెరుచుకుంటుంది, గుండీలు ఉంటాయి. ఇది ఒక ఊరి పేరు మీదుగా ఒక దొరకి, ఆ దొర మీదుగా స్వెటర్‌కి వచ్చిన పేరు. క్రిమియా యుద్ధంలో, 1854 అక్టోబర్ 25న బాలక్లావా దగ్గర బ్రిటిష్ గుర్రపు దళం ఒకటి తప్పుడు అర్థం చేసుకున్న ఆజ్ఞతో నేరుగా రష్యా ఫిరంగుల మీదికి వెళ్లింది. ఆ దళాన్ని నడిపించినవాడు కార్డిగన్ ప్రభువు. ఆ రోజు బ్రిటిష్ సేనాధిపతి రాగ్లాన్ ప్రభువు. ఆయన కుడి చెయ్యి 1815లో వాటర్లూలోనే పోయింది. మెడ నుంచి చంక దాకా ఏటవాలుగా కుట్టు దిగే స్వెటర్ చేతిని ఇప్పటికీ రాగ్లాన్ అనే అంటాం. ఇక తల, చెవులు, మెడ అన్నీ కప్పేసి ముఖం మాత్రమే కనిపించే టోపీకి ఆ ఊరి పేరే పెట్టారు, బాలక్లావా. ఒక్క యుద్ధం, ఒక స్వెటర్, ఒక చెయ్యి, ఒక టోపీ! యుద్ధంలో ఏం గెలిచారో నన్నడగకండి.

ప్రశ్న: కట్ స్వెటర్, అంటే కత్తిరించి కుట్టినది, నాసిరకం అని మా అక్క అంటుంది. అల్లినదాన్ని కత్తిరిస్తే ఊడిపోదా?

జవాబు: దీనికి జవాబు నా సొంత అవమానంతో మొదలుపెట్టాలి. పెళ్లయిన కొత్తలో మా ఆయనకి ఒక పుల్‌ఓవర్ అల్లాను. రెండు నెలలు పట్టింది. చివర్లో మెడ కుట్లు ఎంత గట్టిగా ముగించానంటే, ఆయన తల చెవుల దాకా వెళ్లి ఆగిపోయింది. ముందుకు రాదు, వెనక్కి పోదు. లోపల్నుంచి ‘ఊపిరాడట్లేదే’ అని కేకలు. ఇద్దరం కలిసి లాగి బయటికి తీసేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. విప్పి మళ్లీ అల్లే ఓపిక లేక, ముందు నిలువుగా మధ్యలో మిషన్ మీద రెండు వరసలు దగ్గరగా కుట్టు వేసి, ఆ రెండిటి మధ్య కత్తెర పెట్టాను. పట్టీ వేసి గుండీలు కుట్టాను. పుల్‌ఓవర్ కాస్తా కార్డిగన్ అయిపోయింది.

పెద్ద నేరం చేసినట్టు చాన్నాళ్లు ఎవరికీ చెప్పలేదు. తర్వాత తెలిసింది, స్కాట్లాండ్‌కి ఉత్తరాన ఉన్న షెట్‌లాండ్ దీవుల్లో, నార్వేలో ఇదే పద్ధతట! ఒళ్లంతా గొట్టంలా గుండ్రంగా అల్లేసి, తర్వాత ముందు భాగం, చేతుల చోట్లు కత్తిరిస్తారు. కత్తెర పడే ఆ అదనపు కుట్ల పట్టీని స్టీక్ అంటారు. వాళ్ల ఊలు కాస్త గరుకుగా ఉండి ఒకదానికొకటి పట్టుకుంటుంది కాబట్టి అంత తేలిగ్గా ఊడిరాదు. నున్నటి నూలుతోనో, అక్రిలిక్ దారంతోనో అల్లినదాని మీద మాత్రం కుట్టు వేయకుండా కత్తెర పెట్టకండి.

మీ అక్క అన్నది కూడా పూర్తిగా తప్పు కాదు. అల్లిక బట్టని తానులా తీసుకుని ముక్కలు కోసి కుట్టినదాని కంటే, ముక్క ముక్కనీ ఆకారానికి తగ్గట్టు కుట్లు పెంచుతూ తగ్గిస్తూ అల్లినది బాగా అమరుతుంది. స్వెటర్ తిరగేసి చంక దగ్గర చూడండి. కుట్ల గొలుసు అంచు వెంటే ఏటవాలుగా నడిస్తే అల్లి తెచ్చిన ఆకారం. అంచు తెగి మీద ఓవర్‌లాక్ కుట్టు ఉంటే కోసి కుట్టినది.

ప్రశ్న: ఆరన్ స్వెటర్ మీది జడల డిజైన్ ఒక్కో కుటుంబానికి ఒక్కోలా ఉంటుందని, సముద్రంలో మునిగిపోయిన జాలరిని దాన్ని బట్టే గుర్తుపట్టేవారని విన్నాను. నిజమేనా?

జవాబు: ఈ కథ నేనూ ఎన్నోసార్లు చెప్పాను, వినేవాళ్ల కళ్లు చెమర్చేవి. కానీ నిజం కాదు. ఆరన్ దీవులు ఐర్లాండ్ పశ్చిమ తీరంలో మూడు. అక్కడి తెల్లటి జడల స్వెటర్ మనమనుకున్నంత పాతది కాదు, ఇరవయ్యో శతాబ్దంలో రూపు దిద్దుకున్నది. కుటుంబానికో డిజైన్ అన్నది అమ్మకాల కోసం పెరిగిన మాట.

ఆ కథకి బీజం ఒక నాటకంలో ఉంది. ఐర్లాండ్ రచయిత జె.ఎం. సింగ్ రాసిన ‘రైడర్స్ టు ది సీ’, 1904లో మొదటిసారి ఆడారు. అందులో మునిగిపోయిన అన్నని చెల్లెలు గుర్తుపడుతుంది. స్వెటర్‌ని బట్టి కాదు, మేజోడుని బట్టి! అరవై కుట్లతో మొదలుపెట్టి నాలుగు జారవిడిచాను అని లెక్క చెబుతుంది. డిజైన్ కాదు, తన చేతి తప్పే ఆనవాలు. అల్లేవాళ్లకి ఆ మాట ఎందుకు గుచ్చుకుంటుందో వేరే చెప్పాలా? నేను అల్లినవాటిలో జారిన కుట్టు ఏ వరసలో ఉందో ఇప్పటికీ చూడకుండా చెప్పగలను.

జాలర్ల స్వెటర్ కావాలంటే గర్న్‌సీ చూడండి. జెర్సీ పక్క దీవి పేరే. సన్నటి గట్టి ఊలుతో చాలా బిగువుగా అల్లుతారు, నీటి తుంపర అంత తొందరగా లోపలికి దిగదు. ముందూ వెనకా ఒకేలా ఉంటుంది కనుక మోచేతులు అరిగినప్పుడు తిప్పి తొడుక్కోవచ్చు. కింద అంచు పైన పేరులోని పొడి అక్షరాలు అల్లడం మాత్రం నిజంగానే ఉండేది.

ప్రశ్న: డైమండ్ బొమ్మలుంటే ఫెయిర్ ఐల్ అనొచ్చా?

జవాబు: అనకూడదు. పెద్ద పెద్ద డైమండ్లు, వాటి మీద అడ్డంగా సన్నగీతలు ఉంటే ఆర్గైల్. ఫెయిర్ ఐల్‌లో చిన్న చిన్న బొమ్మలు వరసలు వరసలుగా చుట్టూ తిరుగుతాయి. ఎన్ని రంగులు కనబడినా ఒక వరసలో రెండే ఉంటాయి. తిరగేస్తే వాడని రంగు దారం వెనకాల అడ్డంగా సాగుతూ ఉంటుంది, పిల్లల వేళ్లు, ఉంగరాలు అందులో చిక్కుకుంటాయి. ఆర్గైల్ వెనక వైపు శుభ్రంగా ఉంటుంది. ఫెయిర్ ఐల్ స్కాట్లాండ్‌కి ఉత్తరాన ఒక చిన్న దీవి. 1920లలో, తర్వాత ఎనిమిదో ఎడ్వర్డ్ రాజైన బ్రిటన్ యువరాజు గోల్ఫ్ ఆడుతూ ఆ స్వెటర్ వేసుకున్నాక ఫ్యాషనైంది.

ప్రశ్న: ఒంటికి ఊలు తగిలితే నాకు దురద. అంగోరా మేక ఊలు మెత్తగా ఉంటుందంటున్నారు, కొననా?

జవాబు: ముందు పేర్లు సరిచేద్దాం. అంగోరా మేక నుంచి వచ్చేది మోహెయిర్. అంగోరా అని లేబుల్ మీద ఉంటే అది కుందేలు. రెండింటికీ ఆ పేరు టర్కీలోని అంకారా పాత పేరు మీదుగా వచ్చింది. కుందేలుది మెత్తనే గానీ నూగు రాలి ముక్కులోకి పోతుంది. మోహెయిర్ మెరుస్తుంది, కొందరికి గుచ్చుతుంది.

చాలామందికి దురద ఊలు వల్ల కాదు, పోగు లావు వల్ల. పోగు 30 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాటితే దాని కొస వంగదు, చర్మాన్ని పొడుస్తుంది. మెరీనో అనే గొర్రె జాతి పోగు దాదాపు ఎప్పుడూ 25 లోపే, క్యాష్మీర్ అనే మేక ఊలు 19కి దగ్గర్లో. కాబట్టి మెరీనోతో మొదలుపెట్టండి. కొనే ముందు చేత్తో కాదు, మెడ పక్కన రాసుకుని చూడండి. అరచేయి అబద్ధం చెబుతుంది.

ప్రశ్న: టర్టిల్ నెక్, పోలో నెక్, మాక్ నెక్ మధ్య తేడా?

జవాబు: మొదటి రెండూ ఒకటే, ఒకటి అమెరికా మాట, రెండోది బ్రిటన్ మాట. మెడ పొడవుగా ఉండి మడత పడుతుంది. పోలో షర్టుతో దీనికి సంబంధం లేదు, అది కాలరు చొక్కా. మాక్ నెక్ పొట్టిగా నిలబడుతుంది, మడవక్కర్లేదు.

ప్రశ్న: కొత్త పుల్‌ఓవర్ హ్యాంగర్‌కి తగిలిస్తే మోకాళ్ల దాకా వచ్చింది. దీన్నేమంటారు?

జవాబు: ఇప్పుడు దాన్ని ట్యూనిక్ అంటారు. ఇకమీదట మడతపెట్టి అరలో పెట్టండి. ఉతికాక కూడా తువ్వాలు మీద పరిచే ఆరబెట్టాలి, తడిసిన ఊలు తన బరువుకి తానే సాగుతుంది.