రేకుల షెడ్డు విప్పే ముందు

చిరంజీవి ప్రసాదుకు, పెదనాన్న ఆశీస్సులు.

ప్రొద్దుటూరులో పాత మిల్లు షెడ్డు విప్పే పని ఒప్పుకున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. అడ్వాన్సు కూడా తీసుకున్నావట. ఇక వద్దంటే వింటావా? కానీ ఆ పాత సిమెంటు రేకుల్లో ఇంచుమించు పదో వంతు రాతినారే, అంటే ఆస్బెస్టాసే, ఉంటుంది. పులివెందుల పక్కన మేము తవ్విన నార అదే.

మర దగ్గర రాయి నలుగుతుంటే నార దూదిలా లేచేది. మధ్యాహ్నానికి అందరి కనుబొమ్మలూ నెరిసేవి. ఒకరినొకరు తాతా అని పిలుచుకుని నవ్వుకునేవాళ్లం. మిరపకాయల కొట్టులోకి వెళ్తే తుమ్ము తరిమి బయటికి పంపుతుంది. రాతినార ఆ పాటి హెచ్చరిక కూడా చేయదు.

ఆ పోగు నిలువునా చీలి చీలి కంటికి ఆననంత సన్నమవుతుంది. అలా ఊపిరితిత్తుల అడుగున ఉండే గాలిగదుల దాకా పోతుంది. అక్కడి రక్షక కణాలు దాన్ని మింగబోతాయి. పోగేమో వాటికంటే పొడవు. మింగలేక, వదల్లేక అవే చస్తాయి. దాంతో అక్కడ పుట్టే వాపు ఏళ్ల తరబడి సాగి, మచ్చలు కట్టి, స్పాంజిలా ఉండాల్సిన ఊపిరితిత్తి తోలులా బిగుస్తుంది. దాన్నే ఆస్బెస్టోసిస్ అంటారు. బయటపడడానికి పదేళ్లు, ఇరవయ్యేళ్లు పట్టవచ్చు. పడిన మచ్చను మాన్పే మందు లేదు. ఊపిరితిత్తుల క్యాన్సరూ రావచ్చు, వాటి పైపొరకు మెసోథెలియోమా అనే మరో క్యాన్సరూ రావచ్చు. ఆ రెండోది ముప్ఫై, నలభై ఏళ్ల తరవాత కూడా తేలుతుంది. బీడీ తాగేవాడికి ఊపిరితిత్తుల క్యాన్సరు ముప్పు ఎన్నో రెట్లు. ఈ మాట నీ కూలీలకు చెప్పు.

నాతో పనిచేసిన ఒకాయనకు మెట్లెక్కితే ఆయాసం, పొడి దగ్గు. కఫంలో క్రిమి కనిపించకపోయినా క్షయ అనుకుని నెలల తరబడి మందులు వాడించారు. ఏం పని చేశావని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. చివరికి ఒక డాక్టరు వీపు కింది భాగాన స్టెతస్కోపు ఆనించి, చిటపట శబ్దం విని, ఉబ్బిన వేళ్ల కొసలు చూసి, 'ఎక్కడ పనిచేశావయ్యా?' అని అడిగాడు. నీ కూలీల్లో ఎవరు ఆసుపత్రికి వెళ్లినా రేకుల పని సంగతి ముందు చెప్పమను, ఎక్స్‌రే సంగతి ఆ తరవాతే.

ఇక పని సంగతి. కటింగ్ మిషన్ అసలు తేవద్దు. ముందు రేకులను బాగా తడుపు. నీటిలో కాస్త సబ్బు కలిపితే లోపలికి ఇంకుతుంది. కొక్కేలు విప్పి, రేకు విరగకుండా తాడుతో దించు, పైనుంచి విసరవద్దు. రేకు మీద నేరుగా కాలు మోపవద్దు, పలకలు పరుచుకో. నార ముప్ఫై ఏళ్లకు చంపుతుందేమో, విరిగిన రేకు ఆ పూటే చంపుతుంది. ముఖానికి తువ్వాలు కట్టుకుంటే ఆగే దుమ్ము కాదిది. అతి సన్నటి దుమ్మునూ ఆపే పీ100 రకం ఫిల్టరు బిగించే రబ్బరు మాస్కు కొను. గడ్డం ఉంటే అది ముఖానికి అతకదు, గీయించుకోమను. రాలిన ముక్కలను చీపురుతో ఊడవకుండా, తడిగుడ్డతో తీసి మందపాటి ప్లాస్టిక్ సంచిలో కట్టు. పునాదుల్లోకి పొడి చేసి పోస్తామని ఎవరైనా అడుగుతారు, ఇవ్వకు.

ఎవరు ఎన్ని రోజులు చేశారో నోటుబుక్కులో రాసి ఉంచు. రాతినార కార్మికుల ఆరోగ్య రికార్డులు పనిలో చేరిననాటి నుంచి 40 ఏళ్లు, లేదా మానేశాక 15 ఏళ్లు, ఏది ఎక్కువైతే అంతవరకు యజమానులు దాచాలని సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. మా దగ్గర హాజరు పట్టీ కాగితమైనా మిగలలేదు. మేము అక్కడ పనిచేశామని రుజువు చేసుకోవడానికే తల ప్రాణం తోకకు వచ్చింది.

ఇంకొకటి. పని బట్టలు దులపకుండా అక్కడే తడిపి, విడిగా ఉతికించు. కోడలి చేతికి మాత్రం ఇవ్వకు. గనిలో అడుగు పెట్టకపోయినా, మగవాళ్ల బట్టలు ఉతికిన పాపానికే ఈ జబ్బు పడ్డ ఆడవాళ్లు ఉన్నారు.

నీ పెదనాన్న