కుప్పపడే ఒత్తిడి, చెదురుమదురు సంతోషం

చిరంజీవి అమ్మాయికి,

మామయ్య ఆశీస్సులు. కాలేజీ జీవితం సరదాగా ఉంటుందా, లేక ఒత్తిడే ఎక్కువా అని అడిగావు. మీ అక్క ఒకటి చెప్పిందనీ, ఆమె స్నేహితురాలు అందుకు పూర్తి విరుద్ధంగా చెప్పిందనీ, ఇద్దరిలో ఎవరిని నమ్మాలో తెలియడం లేదనీ రాశావు. ఇద్దరూ ఉన్నమాటే చెప్పారు. చాలా ఏళ్లపాటు పాఠాలు చెప్పి, ఎన్నో బ్యాచ్‌లు వచ్చి వెళ్లడం చూసిన మీదట నాకు స్థిరపడిన అభిప్రాయం ఇది: గంటల లెక్కన చూస్తే కాలేజీలో సంతోషమే ఎక్కువ. అయితే ఆ సంతోషం సెమిస్టర్ పొడవునా చెదురుమదురుగా పడి ఉంటుంది, ఒత్తిడి మాత్రం నాలుగైదు వారాల్లో కుప్పగా వచ్చి పడుతుంది. పరీక్షల వారంలో ఉన్నవారిని అడిగితే కాలేజీ నరకం అంటారు, ఫలితాలు వచ్చిన వారంలో అడిగితే స్వర్గం అంటారు. కాబట్టి రెండింటిలో ఏది ఎక్కువ అని తేల్చుకోవడం కన్నా, ఆ కుప్పను ముందే పలచగా పరుచుకోవడం ఎలా, చెదిరి ఉన్నదాన్ని పోగుచేసుకోవడం ఎలా అన్నది నీకు ఎక్కువ పనికొస్తుంది.

కుప్ప ఎలా తయారవుతుందో ముందు తెలుసుకో. స్కూల్లో పనిని రోజుల మీద పంచిపెట్టే బాధ్యత టీచర్లదే. నిన్న చెప్పిన పాఠం మీద ఇవాళ ప్రశ్నలు అడిగేవారు, హోంవర్క్ చూసేవారు, చేయకపోతే ఇంటికి కబురు పంపేవారు. కాలేజీలో ఆ బాధ్యత చెప్పాపెట్టకుండా నీ చేతికి వచ్చేస్తుంది. అసైన్‌మెంట్ ఇచ్చిన రోజుకూ గడువుకూ మధ్య ఉన్న వారాల్లో నిన్ను ఎవరూ ఏమీ అడగరు. మొదట్లో అది స్వేచ్ఛగానే తోస్తుంది, నిజానికి స్వేచ్ఛే కూడా. కానీ ఐదారు సబ్జెక్టుల్లో ఒకేసారి ఇదే జరుగుతుంది. స్టాఫ్‌రూమ్‌లో కూర్చున్నవాడిగా చెబుతున్నాను, ప్రతి లెక్చరరూ తన సిలబస్ ఎంతవరకు వచ్చిందో చూసుకుని గడువు పెడతారే తప్ప, పక్క టేబుల్ దగ్గరివారు ఏ తేదీ పెట్టారో కనుక్కోవడం అరుదు. ఎవరికీ దురుద్దేశం లేకపోయినా, రెండు అసైన్‌మెంట్లు, ఒక ల్యాబ్ రికార్డు, ఒక ఇంటర్నల్ పరీక్ష ఒకే వారంలో వచ్చి నీ నెత్తిన పడతాయి. అన్ని గడువులూ ఒక్కచోట చేరేది నీ దగ్గరే గనుక, వాటన్నిటినీ కలిపి చూడగలిగినదానివి కూడా నువ్వు ఒక్కదానివే.

అందువల్ల మొదటి పదిహేను రోజుల్లోనే ఒక పెద్ద కాగితం తీసుకుని, సెమిస్టర్‌లోని వారాలన్నీ వరుసగా రాసి, ప్రతి సబ్జెక్టు గడువునూ పరీక్షనూ ఆ వారం ఎదురుగా నమోదు చేసుకో. ఏ వారం దగ్గర మూడు నాలుగు పనులు గుమిగూడాయో ఒక్క చూపులో తెలిసిపోతుంది. ఆ వారానికి మూడు వారాల ముందు, వాటిలో రెండింటి పని మొదలుపెట్టే రోజును కూడా అదే కాగితం మీద వేరే రంగుతో గుర్తు పెట్టుకో. గడువు తేదీ అందరూ రాసుకుంటారు, మొదలుపెట్టే తేదీ రాసుకునేవారు చాలా తక్కువమంది. ఫోన్‌లో రాసుకున్నా తప్పులేదు గానీ, గోడకు అంటించిన కాగితాన్ని తెరవనక్కర్లేదు, అది రోజూ కళ్లబడుతూ ఉంటుంది.

ఇది పని చేస్తుందని నేను నమ్మడానికి కారణం స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర చూసిన తేడా. మూడో వారంలో వచ్చే విద్యార్థి నోట్‌బుక్ తెరిచి, ఒక లెక్కలో మూడో మెట్టు దగ్గర వేలు పెట్టి, ఇక్కడి నుంచి అక్కడికి ఎలా వచ్చారండీ అని అడుగుతాడు. పది నిమిషాల్లో సందేహం తీరుతుంది, వెళ్లేటప్పుడు ముఖం తేటగా ఉంటుంది. పరీక్ష ముందురోజు వచ్చే విద్యార్థి చేతిలో వేరేవాళ్ల నోట్సు జిరాక్స్ కాగితాలు ఉంటాయి, ఏం అడగాలో కూడా తెలియదు, ఏవి ముఖ్యమో చెప్పండి అంటాడు. తెలివిలో ఆ ఇద్దరి మధ్య చెప్పుకోదగ్గ తేడా లేకపోవడం నేను చాలాసార్లు గమనించాను. అర్థం కానిదాన్ని అర్థం కాలేదని ఎంత త్వరగా ఒప్పుకున్నారు అన్నదే తేడా. నువ్వు ఏ లెక్చరర్ దగ్గరికైనా మొదటి నెలలోనే ఒక్కసారి వెళ్లు. సందేహం చిన్నదైనా ఫరవాలేదు. ఒకసారి వెళ్లినచోటికి రెండోసారి వెళ్లడానికి బెరుకు ఉండదు.

చదువును పరుచుకోవడం వెనుక గట్టి ఆధారమే ఉంది. జర్మనీకి చెందిన హెర్మన్ ఎబింగ్‌హాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అర్థంలేని అక్షరాల వరుసలను తానే కంఠస్థం చేస్తూ, తన జ్ఞాపకం మీదే ప్రయోగాలు చేసి, 1885లో ఫలితాలు ప్రచురించాడు. మరుపు మొదటి గంటల్లోనే అతివేగంగా పనిచేస్తుందని అందులో తేలింది. అంతకన్నా నీకు ముఖ్యమైనది మరొకటి ఉంది. ఒకే రోజున 68 సార్లు వల్లెవేసినప్పుడు కలిగిన ప్రయోజనం, మూడు రోజుల మీద పంచుకుని 38 సార్లు వల్లెవేసినా కలిగిందని ఆయన చూశాడు. అంటే పనిని రోజుల మీద పరిచినప్పుడు భయం తగ్గడమే కాదు, మొత్తం పనే తగ్గుతుంది. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు పరిశోధకులు కాలేజీ విద్యార్థుల మీద ఇంకో సంగతి పరీక్షించారు. ఒక పాఠాన్ని మళ్లీ చదివినవారు ఐదు నిమిషాల తరువాత పెట్టిన పరీక్షలో ముందున్నారు గానీ, వారం తరువాత పెట్టిన పరీక్షలో, పుస్తకం మూసి గుర్తున్నది రాసి చూసుకున్నవారే ముందుకు వచ్చారు. కాబట్టి తరగతి అయిన రోజు సాయంత్రం పది నిమిషాలు పుస్తకం మూసి, ఇవాళ ఏం చెప్పారో తెల్లకాగితం మీద రాసుకో. గుర్తురానిది ఏదో తెలిసిన తరువాతే నోట్సు తెరువు. రంగురంగుల గీతలు గీస్తూ మళ్లీ మళ్లీ చదవడం వల్ల వచ్చిందన్న భ్రమ కలుగుతుంది, పరీక్ష హాలులో ఆ భ్రమ తొలగిపోతుంది.

రాత్రంతా మేలుకుని చదవడాన్ని ఘనకార్యంగా చెప్పుకునేవారు నీకు తప్పకుండా తారసపడతారు. పెద్దవారికి రోజుకు కనీసం 7 గంటల నిద్ర అవసరమని అమెరికాలోని నిద్రావైద్య నిపుణుల సంఘం 2015లో స్పష్టంగా సూచించింది, చదివినది మెదడులో స్థిరపడడానికి కూడా ఆ నిద్ర ఎంతో తోడ్పడుతుంది. ఈ ఒక్క విషయంలో నా మాట కాదనకు.

ఇంతా చెప్పాక, ఒత్తిడి అంతా శత్రువేనని అనుకోకు. ఆ మాటకు వైద్యశాస్త్రంలో ప్రచారం తెచ్చిన హాన్స్ సెల్యే సైతం మేలు చేసే ఒత్తిడి, కీడు చేసే ఒత్తిడి అని రెండింటినీ వేరుచేసి చెప్పాడు. అంతకుముందే 1908లో యెర్క్స్, డాడ్సన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎలుకల మీద ప్రయోగాలు చేసి, కష్టమైన పనిని నేర్చుకునేటప్పుడు ప్రేరణ మితంగా ఉంటేనే మేలనీ, మరీ తీవ్రమైతే నేర్చుకోవడమే మందగిస్తుందనీ గమనించారు. మొదటిసారి తరగతి ముందు నిలబడి సెమినార్ ఇచ్చేటప్పుడు నీ అరచేతులు చెమర్చుతాయి, గొంతు కాస్త వణుకుతుంది. ఆ వణుకు రెండో నిమిషానికి సర్దుకుంటుంది. దానికి భయపడి సెమినార్ తప్పించుకున్నవారు, చివరి సంవత్సరం ఇంటర్వ్యూ గదిలో అదే వణుకును తొలిసారి ఎదుర్కొంటారు. అందువల్ల మితమైన ఒత్తిడి ఉన్న పనులను మొదటి సంవత్సరంలోనే, మార్కులు పెద్దగా పోని చోట, కోరి చేయమంటాను.

ఇక సంతోషం సంగతి. దీని గురించి పెద్దవాళ్లు తక్కువ మాట్లాడతారు, అది దానంతట అదే వస్తుందనుకుంటారు. రాదు. కాలేజీ సంతోషంలో సింహభాగం మనుషుల వల్ల కలిగేదే, మనుషులు దగ్గర కావడానికి సమయం పడుతుంది. జెఫ్రీ హాల్ అనే పరిశోధకుడు, కొత్త ఊరికి వచ్చినవారినీ మొదటి సంవత్సరం విద్యార్థులనూ పరిశీలించి, పరిచయం మామూలు స్నేహంగా మారడానికి కలిసి గడిపిన కాలం సుమారు 50 గంటలు, ఆప్తమిత్రులు కావడానికి 200 గంటలకు పైగా అవసరమవుతుందని అంచనా వేశాడు. అంకె ఒకరికి కొంచెం ఎక్కువ, ఒకరికి తక్కువ కావచ్చు, కానీ నువ్వు గ్రహించవలసింది సులువైనది. మొదటి నెలలో నీకు ఆప్తులు లేకపోతే లోపం నీలో లేదు, ఇంకా గంటలు పూర్తికాలేదు అంతే. తరగతుల మధ్య ఖాళీ దొరికిందని గదికి పోయి తలుపు వేసుకోకుండా, లైబ్రరీ మెట్ల మీదనో క్యాంటీన్‌లోనో నలుగురి మధ్య కూర్చున్న అరగంటలే ఆ లెక్కలోకి వస్తాయి. సంఘాలూ క్లబ్బులూ చాలా ఉంటాయి, మొదటి వారం అన్నింటికీ పేరు ఇవ్వాలనిపిస్తుంది. ఒక్కదాన్నే ఎంచుకో, అందులో ఏడాదంతా నిలబడు. నాటకం కోసం, పత్రిక కోసం, ఆట కోసం కలిసి పనిచేసినవారి మధ్య ఏర్పడే స్నేహం, కలిసి సినిమాకు వెళ్లినవారి స్నేహం కన్నా గట్టిగా నిలవడం నేను చూస్తూ వచ్చాను.

ఆ మొదటి నెలల్లో అందరూ నాకన్నా తెలివైనవాళ్లనీ, నేను ఇక్కడికి తగినదాన్ని కాననీ ఒక బెంగ పట్టుకుంటుంది. పట్టుకోనివారు అరుదు, పైకి చెప్పేవారు ఇంకా అరుదు. గ్రెగరీ వాల్టన్, జెఫ్రీ కోహెన్ అనే అమెరికా పరిశోధకులు 2011లో సైన్స్ పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో, ఈ బెంగ కొత్తగా వచ్చినవారందరికీ కలిగేదేననీ, కాలంతో తగ్గుతుందనీ మొదటి సంవత్సరం విద్యార్థులకు తెలియజేస్తే, ముఖ్యంగా అక్కడి నల్లజాతి విద్యార్థుల మార్కులు ఆ తరువాతి మూడేళ్లలో మెరుగుపడ్డాయని తేలింది. ఒక చిన్న సమాచారం అంత మేలు చేసిందంటే, ఆ బెంగను ఎంతమంది ఒంటరిగా, తమకు మాత్రమే వచ్చిన జబ్బులా మోస్తున్నారో ఆలోచించు. పక్క బెంచీలోని అమ్మాయితో నీకు ఎలా అనిపిస్తోందో నువ్వే ముందుగా చెప్పు. చాలావరకు ఆమె కూడా అదే మాట కోసం ఎదురుచూస్తూ ఉంటుంది.

గడువుల కాగితంతో తీరని ఒత్తిడి కూడా ఒకటుంది, దాన్ని దాచిపెట్టి నీకు లేఖ రాయడం సరికాదు. చదువుతూనే ఉద్యోగం చేసేవారికీ, ఇంటి బాధ్యతలు మోసేవారికీ, అప్పు తెచ్చి ఫీజు కట్టినవారికీ కాలేజీ సరదాగా ఉంటుందని చెప్పడం అన్యాయం. వారికి కావలసింది సమయపాలన మీద ఉపన్యాసం కాదు, గడువు పొడిగింపూ ఆర్థిక సహాయమూ. అలాంటివారు నీ తరగతిలో ఉంటే నోట్సు ఇచ్చి తోడ్పడు, నీకే ఆ పరిస్థితి వస్తే శాఖాధిపతికి వెంటనే చెప్పు. అలాగే, పరీక్షలు అయిపోయినా నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం, ఇష్టమైన పని మీద కూడా ఆసక్తి పోవడం రెండు వారాలు దాటి కొనసాగితే, దాన్ని చదువు ఒత్తిడి అని సరిపెట్టుకోకు. కౌన్సెలర్ దగ్గరికో డాక్టరు దగ్గరికో వెళ్లు, ఇంట్లో చెప్పు. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా రెండు వారాలు చూడనక్కర్లేదు, ఆ గంటలోనే ఎవరో ఒకరికి చెప్పాలి. అర్ధరాత్రి అయినా నాకు ఫోన్ చెయ్యి, నేను ఎత్తుతాను.

తరగతులు మొదలై సబ్జెక్టుల ప్రణాళికలు చేతికి రాగానే నాకు కూడా ఒక ప్రతి పంపు. ఏ వారంలో కుప్ప పడబోతుందో ఇద్దరం కలిసి చూసి, దేన్ని ముందుగానే మొదలుపెట్టవచ్చో ఆలోచిద్దాం.

నీ మామయ్య